బడి వెబ్‌సైట్ కొత్త పేరుకు మారేటప్పుడు: బ్యాకప్ నుంచి పాత లింకుల దాకా

ఒక వెబ్‌సైట్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఒక డొమైన్ పేరు నుంచి ఇంకో డొమైన్ పేరుకు తీసుకెళ్ళడాన్ని సైట్ తరలింపు అంటారు. బళ్ళకు ఈ పని తరచుగానే పడుతుంది. మొదట్లో పూర్వ విద్యార్థి ఎవరో తన ఖాతాలో ఒక .కామ్ పేరు కొనిపెట్టి ఉంటారు. కొన్నేళ్ళకు బడి తన పేరు మీదే ఒకటి ఉండాలనుకుంటుంది. లేదా విద్యాసంస్థలకు మాత్రమే ఇచ్చే .ఎడ్యు.ఇన్ పేరుకు మారాలనుకుంటుంది. ఆ పేర్లను మన దేశంలో ఎర్నెట్ ఇండియా నమోదు చేస్తుంది.

పని చూడటానికి చిన్నదే. కానీ పోయేది ఏమిటో ముందు చూసుకోవాలి. తెలుగు బడి సైట్లో ఏళ్ళనాటి సర్క్యులర్లు, పిల్లల కోసం టీచర్లు టైపు చేసి పెట్టిన తెలుగు నోట్సులు, ఉగాది వేడుకల ఫొటోలు, పాత బ్యాచ్‌ల వివరాలు ఉంటాయి. ఆంధ్రలో, తెలంగాణలో ఉన్నవాళ్ళకు తెలుగు నోట్సు ఒకచోట పోయినా ఇంకోచోట దొరుకుతుంది. బయటి రాష్ట్రాల్లో స్థిరపడిన మనకు, ఇక్కడి సిలబస్‌కు సరిపోయేలా తెలుగులో రాసిన నోట్సు ఆ ఒక్క సైట్లోనే ఉండొచ్చు. అది పోతే అడిగి తెచ్చుకోవడానికి ఇంకో చోటు లేదు.

అందుకని మొదటే ఒక మాట. బ్యాకప్ తీసుకోవడంతో తరలింపు అయిపోదు. తీసిన బ్యాకప్ కొత్త చోట తెరుచుకోవాలి. అందులోని తెలుగు తెలుగుగానే కనిపించాలి. పాత లింకు నొక్కినవాళ్ళు వెతుక్కున్న పేజీకే చేరాలి. ఈ మూడూ జరిగితేనే సైట్ మారినట్టు. కింద చెప్పే వివరాలు బళ్ళు ఎక్కువగా వాడే వర్డ్‌ప్రెస్ సైట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

పేరు వేరు, చోటు వేరు

వెబ్‌సైట్ అనగానే మనం ఒకటే అనుకుంటాం గానీ అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి డొమైన్ పేరు, అంటే చిరునామా. రెండోది హోస్టింగ్, అంటే ఫైళ్ళు నిజంగా ఉండే కంప్యూటర్. రెండూ ఒకే కంపెనీ దగ్గర కొన్నా, వాటి బిల్లులూ గడువులూ వేరువేరుగా ఉంటాయి.

పేరును చోటుతో కలిపేది డీఎన్ఎస్ అనే వ్యవస్థ. దీన్ని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. మనం పేరు టైపు చేస్తే, ఆ పేరుకు ఏ కంప్యూటర్ నంబరు రాసి ఉందో డీఎన్ఎస్ చెబుతుంది. ఒకసారి చెప్పిన జవాబును దారిలోని కంప్యూటర్లు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎంతసేపు అన్నది సెకన్లలో రాసి ఉంటుంది. 86400 అని ఉంటే ఒక రోజంతా, 300 అని ఉంటే అయిదు నిమిషాలు. మార్పు చేసిన రోజు కొందరికి కొత్త సైట్, కొందరికి పాతది కనిపించడానికి కారణం ఇదే. మార్చబోయే ముందురోజో, ఇంకా ముందో ఆ అంకెను 300కు తగ్గించి పెట్టుకుంటే ఈ గందరగోళం తక్కువ.

చోటు మార్చకుండా పేరు మార్చొచ్చు, పేరు మార్చకుండా చోటు మార్చొచ్చు. రెండూ ఒకేసారి మార్చేటప్పుడు ఒక సౌకర్యం ఉంది: పాత పేరు మీద పాత సైట్ నడుస్తూండగానే, కొత్త పేరు మీద కొత్తదాన్ని నిలబెట్టి తీరిగ్గా సరిచూసుకోవచ్చు. ఆ కొన్ని రోజులూ కొత్త సైట్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి. లేకపోతే సగం తయారైన పేజీలను గూగుల్ చూసి వెళ్ళిపోతుంది.

బ్యాకప్‌లో ఏమేం ఉండాలి

వర్డ్‌ప్రెస్ సైట్‌కు రెండు భాగాలు. ఫొటోలు, పీడీఎఫ్‌లు, సైట్ రూపం నిర్ణయించే థీమ్, అదనపు పనులు చేసే ప్లగిన్లు అన్నీ ఫైళ్ళుగా ఉంటాయి. మనం టైపు చేసిన రాతలు, నోటీసులు, తేదీలు, యూజర్ల పేర్లు మాత్రం ఫైళ్ళలో ఉండవు. అవి డేటాబేస్‌లో ఉంటాయి. ఫైళ్ళన్నీ కాపీ చేసి డేటాబేస్ మరిచిపోతే గోడలు, కిటికీలు వస్తాయి, ఇంట్లో సామాను రాదు.

ఈ రెండూ కాక మూడోది ఒకటుంది, చాలామందికి తట్టదు. బడి ఈమెయిళ్ళు అదే హోస్టింగ్‌లో ఉంటే, ఆ మెయిల్ పెట్టెలు వేరుగా దించుకోవాలి. పాత పేరుకు డీఎన్ఎస్‌లో ఉన్న వివరాలను కూడా ఒక కాగితం మీదకు ఎక్కించుకోవాలి. మెయిల్ ఎటు పోవాలో చెప్పే లైన్లు అందులోనే ఉంటాయి.

బ్యాకప్ తీసే ముందు ఒక పట్టిక రాసుకుంటే మంచిది: నోటీసులు ఎన్ని, పేజీలు ఎన్ని, పీడీఎఫ్‌లు ఎన్ని, ఫొటోలు ఎన్ని. కొత్త చోట మళ్ళీ లెక్కపెట్టినప్పుడు ఆ అంకెలే రావాలి. డేటాబేస్ కాపీ పూర్తిగా దిగిందా లేదా తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. మైఎస్‌క్యూఎల్ డంప్ సాధనంతో తీసిన ఫైలైతే, మామూలుగా దాని చివరి లైన్లో డంప్ పూర్తయిందని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ లైన్ లేకపోతే మధ్యలో తెగిపోయిందేమో అని అనుమానించాలి.

కాపీలు ఎన్ని ఉండాలి? దీనికి 3-2-1 అనే సూత్రం ప్రచారంలో ఉంది. మొత్తం 3 కాపీలు, 2 రకాల సాధనాల మీద, అందులో 1 వేరే ఊళ్ళోనో వేరే భవనంలోనో. బడి కంప్యూటర్లో ఒకటి, బీరువాలో పెట్టిన హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి అనుకోండి, సరిపోతుంది. బ్యాకప్‌ను అదే హోస్టింగ్‌లో వదిలేసి, అదొక్కటే ఉందిలే అనుకుంటే లాభం లేదు. ఆ ఖాతా ఆగిపోయిన రోజు సైటూ బ్యాకప్పూ కలిసే పోతాయి.

ఇంకో జాగ్రత్త. ఆ జిప్ ఫైల్లో పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉండొచ్చు. దాన్ని సైట్లో అందరికీ తెరుచుకునే ఫోల్డర్‌లో వదలకూడదు, వాట్సాప్ గ్రూపులో పంపకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపువారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. బ్యాకప్ ఫైలుకు కూడా ఇంటి తాళంచెవికి ఇచ్చేంత కాపలా ఉండాలి.

తెరిచి చూడని బ్యాకప్

పెద్ద కంపెనీలే ఇక్కడ దెబ్బతిన్నాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. వాళ్ళకు బ్యాకప్ ఏర్పాట్లు ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. అవసరం పడి చూస్తే రోజువారీ బ్యాకప్ ఎప్పటినుంచో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పాల్సిన మెయిళ్ళు కూడా ఎవరికీ చేరడం లేదు. చివరికి అదృష్టవశాత్తూ ఇంకో పని కోసం ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికి గట్టెక్కారు. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం పోయింది. జరిగినదంతా దాచకుండా ఆ సంస్థే బయటపెట్టింది, అందుకే మనం నేర్చుకోగలుగుతున్నాం.

మైస్పేస్ సంగతి ఇంకా దగ్గరిది, ఎందుకంటే అది తరలింపులోనే జరిగింది. ఒకప్పుడు లక్షలమంది సంగీతకారులు తమ పాటలను అక్కడే పెట్టుకునేవారు. సర్వర్లు మార్చే పనిలో పాత ఫైళ్ళు పోయాయని 2019లో ఆ సంస్థ చెప్పింది. 2003 నుంచి 2015 దాకా జనం పెట్టిన పాటలు, ఫొటోలు, వీడియోలు అందులో ఉన్నాయి. సొంత కాపీ దాచుకోనివాళ్ళలో చాలామందికి అవి ఇక రాలేదు.

ఈ రెంటి నుంచీ వచ్చే పాఠం ఒకటే. వేరే చోట తెరిచి చూసేదాకా అది బ్యాకప్ అనుకోవద్దు, ఒక ఫైలు అనుకోవాలి, అంతే.

కొత్త చోట నిలబెట్టడం

కొత్త హోస్టింగ్‌లో ముందు ఒక ఖాళీ డేటాబేస్ తయారు చేయాలి. పాత డేటాబేస్ కాపీని అందులోకి ఎక్కించాలి. ఫైళ్ళను వాటి చోట పెట్టాలి. తర్వాత వర్డ్‌ప్రెస్ సెట్టింగుల ఫైల్లో నాలుగు వివరాలు మార్చాలి: డేటాబేస్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, డేటాబేస్ ఉన్న సర్వర్ పేరు. పెద్ద ఫైలు ఎక్కించేటప్పుడు కొన్ని హోస్టింగ్‌లు ఒప్పుకోవు. పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితి ఎవరూ మార్చకపోతే 2 ఎంబీ మాత్రమే. అలాంటప్పుడు ఆ పరిమితి పెంచమని హోస్టింగ్ వాళ్ళను అడగాలి. ఫైలును మనమే ముక్కలు చేస్తే తప్పులు దొర్లుతాయి. డూప్లికేటర్, ఆల్-ఇన్-వన్ డబ్ల్యూపీ మైగ్రేషన్ లాంటి ప్లగిన్లు ఈ పనులన్నీ ఒక వరుసలో చేసిపెడతాయి. వాటిని వాడినా లోపల జరుగుతున్నది ఇదే.

ఇప్పుడు అసలు చిక్కు. డేటాబేస్ లోపల వందలచోట్ల పాత పేరు రాసి ఉంటుంది. సైట్ చిరునామా అని రెండుచోట్ల ఉండేది కాక, ప్రతి ఫొటో లింకులో, ప్రతి పీడీఎఫ్ లింకులో అదే పేరు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత పేరు తీసి కొత్త పేరు పెట్టేద్దాం అనిపిస్తుంది. అలా చేయకూడదు. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగులను దాచేటప్పుడు మాటతోపాటు దాని పొడవు కూడా పక్కనే రాసుకుంటుంది. పాత చిరునామా 20 అక్షరాలదైతే పక్కన 20 అని ఉంటుంది. కొత్తది 26 అక్షరాలై, పక్కన 20 అనే మిగిలిపోతే లెక్క కుదరదు. ఆ సెట్టింగు మొత్తం పనికిరాకుండా పోతుంది. మెనూలు మాయమవడం, పక్క పట్టీలు ఖాళీ అవడం ఇందువల్లే. ఈ లెక్కను కూడా సరిచేసే సాధనాలున్నాయి. వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ సాధనం అయిన డబ్ల్యూపీ-సీఎల్ఐలో అలాంటి ఆదేశం ఒకటుంది. నిజంగా మార్చకముందే ఎన్నిచోట్ల మారుతుందో లెక్క చూపించమని కూడా దాన్ని అడగొచ్చు.

తెలుగు తెలుగుగానే రావాలంటే

ఇంగ్లీషు సైట్లు మార్చేవాళ్ళకు లేని బాధ మనకు ఒకటుంది. యూనికోడ్ పద్ధతిలో, యూటీఎఫ్-8 రూపంలో దాచినప్పుడు ఇంగ్లీషు అక్షరం ఒక బైట్ తీసుకుంటుంది. తెలుగులో ప్రతి గుర్తూ మూడు బైట్లు తీసుకుంటుంది. 'తెలుగు' అన్న మాట మనకు మూడక్షరాలే. కంప్యూటర్‌కు మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు గుర్తులు, 18 బైట్లు. బ్యాకప్ తీసే సాధనం ఒక లిపి పద్ధతి అనుకుని, ఎక్కించే సాధనం ఇంకోటి అనుకుంటే ఆ బైట్లు తప్పుగా విడిపోతాయి.

తప్పు ఎలాంటిదో చూడగానే పోల్చుకోవచ్చు. తెలుగు ఉండాల్సిన చోట యూరప్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. బైట్లు ఉన్నాయి, చదివే పద్ధతే తప్పింది, చాలామటుకు సరిచేయొచ్చు. అలాకాక డేటాబేస్‌లోనే వరుసగా ప్రశ్నార్థకాలు పడి ఉంటే ఆ కాపీలో తెలుగు పోయినట్టే. పాత సైట్ నుంచి మళ్ళీ బ్యాకప్ తీయాలి. పాత హోస్టింగ్‌ను తొందరపడి రద్దు చేయకూడదనడానికి ఇదొక పెద్ద కారణం. కొత్త డేటాబేస్‌ను యూటీఎఫ్-8-ఎంబీ-4 అనే రకంలో పెట్టుకోవాలి. వర్డ్‌ప్రెస్ 2015 నుంచి దాన్నే వాడుతోంది. పాత రకంలో తెలుగు బాగానే నిలుస్తుంది గానీ, పిల్లలు పెట్టే ఎమోజీలు నాలుగు బైట్లవి కాబట్టి నిలవవు.

ఇంకా పాతకాలపు చిక్కు ఒకటుంది. అనూ లాంటి డీటీపీ ఫాంట్లతో టైపు చేసిన రాతలు నిజానికి యూనికోడ్ తెలుగు కావు. ఆ ఫాంట్ ఉంటేనే తెలుగులా కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసిన సర్క్యులరైతే ఫాంట్ అందులోనే ఉంటుంది కాబట్టి చదవగలం, కానీ వెతికితే దొరకదు. అసలు రాత ఒక్కటే ఉంటే, తరలింపు సందర్భంగానే యూనికోడ్‌కు మార్చి పెట్టుకోవడం మేలు. పదేళ్ళ తర్వాత ఆ ఫాంట్ ఎవరి దగ్గరుంటుందో చెప్పలేం.

ఫైళ్ళకూ పేజీ చిరునామాలకూ తెలుగు పేర్లు పెట్టే అలవాటు ఉంటే ఇది కూడా చూడండి. చిరునామాలో ఒక్కో తెలుగు గుర్తు లోపల తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్‌లో పేజీ పేరుకు ఉన్న చోటు 200 అక్షరాలు. అంటే 22 తెలుగు గుర్తులకే నిండిపోయి, మిగతాది తెగిపోతుంది. శీర్షిక తెలుగులో నిండుగా పెట్టి, చిరునామాను మాత్రం చిన్న ఇంగ్లీషు మాటల్లో, తేదీతో పెడితే తరలింపులో ఇబ్బంది రాదు.

పాత లింకులు ఎటు పోవాలి

సైట్ కొత్త పేరు మీద బాగా నడుస్తోంది. ఇక పాత పేరుతో వచ్చేవాళ్ళ మాట. బడి డైరీలో అచ్చు వేసిన చిరునామా, ప్రాస్పెక్టస్ మీది క్యూఆర్ కోడ్, అమ్మమ్మ ఫోన్‌లో రెండేళ్ళ కిందటి వాట్సాప్ లింకు, ఇవేవీ మనం మార్చలేం. మార్చగలిగింది పాత పేరు ఇచ్చే జవాబు ఒక్కటే. వెబ్ భాషలో 301 అన్న జవాబుకు అర్థం, ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటుకు మారింది అని. 302 అంటే తాత్కాలికంగా మారింది అని. మనకు కావాల్సింది 301.

ఇక్కడ చాలామంది పాత లింకులన్నిటినీ కొత్త సైట్ మొదటి పేజీకి తోసేస్తారు. పదో తరగతి తెలుగు నోట్సు కోసం వచ్చిన పిల్లవాడికి స్వాగతం బోర్డు కనిపిస్తే ఏం లాభం? ఏ పేజీకి ఆ పేజీయే జోడీ కలపాలి. చిరునామాలో పేరు తర్వాతి భాగం మార్చకుండా ఉంచితే ఒకే నియమంతో అన్నీ కలిసిపోతాయి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసంలో, మంచి చిరునామా మారకుండా ఉండాలని వాదించారు. పేరు మార్చక తప్పనప్పుడు కనీసం మిగతా భాగమైనా ఉంచుదాం.

భద్రతా సర్టిఫికెట్ కొత్త పేరుకే కాదు, పాత పేరుకు కూడా ఉండాలి. లేకపోతే దారి మళ్ళించకముందే బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపించి జనాన్ని భయపెడుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఈ సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తుంది. గూగుల్‌కు సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మారిందని చెప్పే ఏర్పాటుంది. దారి మళ్ళింపును కనీసం 180 రోజులు, వీలైతే ఏడాదీ అంతకన్నా ఎక్కువా ఉంచమని గూగుల్ సలహా.

పాత పేరును వదిలేస్తే

కొత్త పేరు వచ్చింది కదా అని పాతదానికి డబ్బు కట్టడం మానేస్తే ఏమవుతుంది? .కామ్ లాంటి పేర్లకు గడువు దాటాక కొంత వెసులుబాటు, ఆ తర్వాత ఎక్కువ రుసుముతో తిరిగి తీసుకునే 30 రోజులు, చివరగా 5 రోజులు ఉంటాయి. అక్కడితో ఆ పేరు అంగట్లోకి వస్తుంది. ఎవరైనా కొనుక్కోవచ్చు. ఏళ్ళుగా బడి పేరుతో నమ్మకం సంపాదించిన చిరునామా అది. దాని మీద ఫీజు కట్టే దొంగ పేజీ పెడితే నమ్మేవాళ్ళు మన తల్లిదండ్రులే. పాత పేరుతో ఉన్న ఈమెయిళ్ళు కూడా కొత్త యజమానికే పోతాయి. ఏదైనా ఖాతాకు పాస్‌వర్డ్ మరిచిపోయాం అని నొక్కితే వచ్చే మెయిల్ కూడా ఆయనకే చేరుతుంది. అందుకని పాత పేరును కొన్నేళ్ళపాటు పునరుద్ధరించుకుంటూ ఉండాలి. ఒకేసారి 10 ఏళ్ళ దాకా కట్టే వీలుంది. అంతకుముందే బ్యాంకు, బోర్డు, ఇతర ఖాతాలన్నిట్లో ఈమెయిల్ మార్చేయాలి. పేరు ఒక వ్యక్తి ఖాతాలో కాకుండా సంస్థ ఖాతాలో, సంస్థ ఈమెయిల్‌తో ఉండాలి. ఆ వ్యక్తి ఊరు మారినా, ఫోన్ మారినా పేరు పోకుండా ఉంటుంది.

ఎప్పుడు మార్చాలి

అడ్మిషన్ల రోజుల్లో, ఫలితాల వారంలో వద్దు. సెలవుల్లో పెట్టుకోవడం నయం. చివరి బ్యాకప్ తీసిన క్షణం నుంచి కొత్త పేరుకు మారేదాకా సైట్లో కొత్త నోటీసు ఏదీ పెట్టకూడదు. పెడితే అది పాత సైట్లోనే ఉండిపోతుంది, కొత్తదానికి రాదు. ఆ రెండు రోజులూ నోటీసులు బడి బోర్డు మీద, క్లాసు గ్రూపుల్లో చెప్పుకోవాలి. మారిన తర్వాత కూడా పాత హోస్టింగ్‌ను కనీసం ఒకటి రెండు నెలలు ఉంచుకుంటే, మిగిలిపోయినవి ఏవైనా బయటపడినప్పుడు తెచ్చుకోవచ్చు.

తల్లిదండ్రులూ పిల్లలూ చేయగలిగింది

ఏ బడి సైట్ మారినా తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి ఇవి. కొత్త చిరునామాను బడి బోర్డు మీదో, సంతకం చేసిన సర్క్యులర్‌లోనో చూసి సరిపోల్చుకోండి. ఎవరో ఫార్వర్డ్ చేసిన లింకులో ఫీజు కట్టకండి. అనుమానం వస్తే బడి ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి, నామోషీ ఏమీ లేదు. మీ పిల్లల సర్టిఫికెట్లు, మార్కుల పత్రాలు సైట్లో ఉన్నాయి కదా అని ఊరుకోకుండా ఒక కాపీ ఇంట్లో దాచుకోండి.

పిల్లలు చేయగలిగింది ఇంకా ఎక్కువ. మీరు రోజూ చూసే పేజీల పాత లింకులు నొక్కి చూడండి. అదే పేజీ వచ్చిందా? ఒత్తులు, గుణింతాలు సరిగా ఉన్నాయా? ఫొటోలు కనిపిస్తున్నాయా? పీడీఎఫ్ తెరుచుకుంటోందా? తేడా కనిపిస్తే పేజీ చిరునామా, తేదీ, ఏం కనిపించిందో రాసి, స్క్రీన్‌షాట్‌తో కంప్యూటర్ టీచర్‌కు ఇవ్వండి. ఒక్కో తరగతి ఒక్కో విభాగం పంచుకుంటే వందల పేజీలు రెండు పీరియడ్లలో సరిచూడొచ్చు. అలా దొరికిన తప్పులు పాత హోస్టింగ్ ఇంకా ఉండగానే బయటపడితే, అన్నిటినీ సరిదిద్దుకునే వీలుంటుంది.